ఇంటికి దొంగల అలారం: తీగలది మేలా, తీగలేనిది మేలా?

వేసవి వచ్చిందంటే పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పడకలు డాబాల మీదికి చేరుతాయి. ఇంటిల్లిపాదీ పైన నిద్రపోతుంటే కింద బీరువా పగులగొట్టి నగలు, నగదు ఎత్తుకుపోవడం దొంగలకు అలవాటే. పిల్ల పెళ్లికని కూడబెట్టిన నాలుగు తులాల బంగారం ఒక్క రాత్రిలో పోతే ఆ కుటుంబం కోలుకోవడం కష్టం. అలారం పెట్టించుకుందామంటే ఏ రకం కొనాలన్నది సందేహం.

తీగల అలారంలో తలుపు రెక్కకు అయస్కాంతం, గుమ్మానికి చిన్న స్విచ్ బిగిస్తారు. తలుపు తెరిస్తే విద్యుత్ వలయం తెగి సైరన్ మోగుతుంది. స్విచ్ తీగ కోసినా మోగుతుంది. తలుపు దగ్గర సెల్ మార్చే పని లేదు. అయితే తీగల కోసం గోడలు చెక్కాలి. బయట వేలాడితే ఎలుకల బెడద తప్పదు.

తీగలేనిది రేడియో తరంగాలతో పనిచేస్తుంది. గోడ చెక్కనక్కరలేదు. అద్దె ఇల్లు మారితే వెంట తీసుకుపోవచ్చు. కాని ప్రతి తలుపు పరికరంలోనూ సెల్ ఉంటుంది. అది అయిపోతే ఆ తలుపుకు కాపలా లేనట్లే. మందపాటి గోడలుంటే సంకేతం బలహీనపడుతుంది.

కొత్త ఇల్లు కట్టేవారు ప్లాస్టరింగుకు ముందే పైపులు వేయించి తీగలది పెట్టుకోవడం మంచిది. కట్టిన ఇంటికి తీగలేనిదే సులువు. ఏ రకమైనా కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ ఉండాలి. ఫోన్ చేసే రకమైతే సిమ్ రీఛార్జి మరువరాదు. నెలకోసారి తలుపు తీసి మోగించి చూడాలి. ముఖ్యంగా ఇరుగుపొరుగుకు చెప్పి ఉంచాలి. సైరన్ విని 112కు ఫోన్ చేసేవారు లేకపోతే ఎంత ఖరీదైన అలారమైనా వట్టి మోతే.