ప్లాస్మా అలలపై ఎలక్ట్రానులు

నిశ్చలమైన నీటిపై మరపడవ వేగముగా సాగునప్పుడు దాని వెనుక అలలు లేచుట మీరు చూచియే యుందురు. అట్టి అల వాలుపై నిలిచిన తేలికపాటి పలక తానును ముందునకు త్రోయబడును. ఇట్టి అలలనే ప్లాస్మాలో లేపి, ఎలక్ట్రానులకు అపారమైన శక్తిని చేకూర్పవచ్చునని శాస్త్రజ్ఞులు నిరూపించిరి.

పదార్థముయొక్క సూక్ష్మనిర్మాణమును తెలిసికొనుటకు మిక్కిలి శక్తిగల కణములు కావలెను. ఇందులకై అమెరికాలోని కాలిఫోర్నియాలో, స్టాన్‌ఫోర్డు వద్ద నిర్మించిన త్వరణయంత్రము 1966లో పనిచేయ నారంభించెను. దాని పొడవు సుమారు 3 కిలోమీటర్లు. అంత పొడవేల? ఎలక్ట్రానులను త్రోయు విద్యుత్ క్షేత్రము మితిమీరినచో యంత్రములోని లోహభాగములలో నిప్పురవ్వలు లేచి అవి చెడిపోవును. కావున కొద్దికొద్దిగా త్రోయుచు చాల దూరము కొనిపోవలెను.

ప్లాస్మాకు ఈ చిక్కు లేదు. పరమాణువులు విడిపోయి, ఎలక్ట్రానులును ధనావేశముగల అయానులును కలిసియుండు వాయువే ప్లాస్మా. ముందే విడిపోయిన దానికి చెడిపోవునను భయ మెక్కడిది?

వేగముగల ఎలక్ట్రానుల గుంపొకటి ప్లాస్మాలో ప్రవేశించినదనుకొనుడు. సజాతి ఆవేశములు వికర్షించుకొనును గదా! ప్లాస్మాలోని ఎలక్ట్రానులు ప్రక్కలకు తొలగును. బరువైన అయానులు కదలక నిలుచును. వాని ఆకర్షణచే తొలగిన ఎలక్ట్రానులు గుంపు వెనుకకు మరల వచ్చి చేరును. ఇట్లేర్పడిన బుడగ, గుంపు వెంబడి దాదాపు కాంతివేగముతో పరుగెత్తును. బుడగ వెనుకభాగమున నున్న ఎలక్ట్రానులను వెనుకనున్న ఋణావేశము త్రోయును; ముందున్న ధనావేశము లాగును.

కణముల శక్తిని ఎలక్ట్రాను వోల్టులలో కొలుతురు. స్టాన్‌ఫోర్డు యంత్రములో 4,200 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తిని పొందిన గుంపును లిథియం ప్లాస్మాలోనికి పంపగా, దాని తోకభాగమునందలి కొన్ని ఎలక్ట్రానుల శక్తి 85 సెంటీమీటర్లలోనే రెట్టింపైనదని 2007లో ప్రకటించిరి. మూడు కిలోమీటర్ల లాభము మీటరులోపుననే లభించినది!

అయితే ఈ శక్తి ఊరక వచ్చినది కాదు. ముందు నడచిన ఎలక్ట్రానులు కోల్పోయినదే వెనుకవానికి చేరినది. ఆ ముందువానికి శక్తి నొసగినదియు పొడవైన యంత్రమే. అంతియేగాక, లాభము పొందినవి కొన్నియే. వాని శక్తులును సమానములు కావు. పరిశోధనకు సమానశక్తిగల కణములు అనేకము కావలెను. 2014లో అచ్చటనే, మొదటి గుంపు వెనుక వేరొక గుంపును నడిపించి, దానిలోని కణములకు దాదాపు సమానముగా 160 కోట్ల ఎలక్ట్రాను వోల్టుల శక్తిని అదనముగా చేకూర్చిరి.

అలను లేపుట ఒక విజయము. ఆ అలపై అందరిని క్రమము తప్పక నడిపించుట అంతకన్న కష్టతరమైన కార్యము.