ధిక్కారానికీ ఒక నంబరు

టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు కానిస్టేబులు ఒకడు మన వైపు మధ్యవేలు చూపిస్తుంటాడు. బొమ్మ నలుపు తెలుపు. ముఖం చూపకుండా గోడల మీద బొమ్మలు వేసే బ్రిటిష్ చిత్రకారుడు బ్యాంక్సీ 2002లో అమ్మకానికి పెట్టిన తొలి స్క్రీన్ ప్రింటు ఇది. పేరు ‘రూడ్ కాపర్’. అచ్చయినవి 250. పోలీసును వెక్కిరించే ఈ కాగితం ఇప్పుడు వేలంపాటల్లో లక్షల రూపాయలు పలుకుతోంది. కొన్నవాళ్లు దాన్ని అద్దం బిగించి, ఇంటికి అలారం పెట్టి కాపాడుకుంటారు. పోతే ఫిర్యాదు చేయాల్సింది మళ్లీ ఆ కానిస్టేబులుకే.

కాగితం మామూలుదే, ఇంకూ మామూలుదే. మరి ఇంత ధర ఎందుకు? ఇది తెలియాలంటే లండన్ దాకా పోనక్కర్లేదు. కర్నూలులోనో కడపలోనో స్క్రీన్ మీద పెండ్లిపత్రికలు కొట్టే అంగడికి పోతే చాలు.

అక్కడ పని ఇలా సాగుతుంది. డిజైనును ట్రేసింగ్ పేపరు మీదో ఫిల్ము మీదో నల్లగా తీస్తారు. ఫ్రేముకు బిగించిన సన్నటి మెష్ గుడ్డకు, వెలుతురు తగిలితే గట్టిపడే రసాయనం పూసి చీకట్లో ఆరబెడతారు. దానికి ఫిల్మును ఆనించి లైటు వేస్తారు. వెలుతురు పడిన చోట పూత గట్టిపడుతుంది. నల్ల గీత అడ్డుపడిన చోట మెత్తగానే ఉండి, నీళ్లు కొడితే కొట్టుకుపోతుంది. ఇంకు దిగేది ఆ సందుల్లోంచే. ఫ్రేము కింద కార్డు పెట్టి, ఇంకు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే అచ్చు పడుతుంది. రంగుకో ఫ్రేము కావాలి. రెండో రంగు పడేటప్పుడు కార్డు కాస్త జరిగిందంటే వినాయకుడి తొండం ఒకచోట, దాని గీత ఇంకోచోట తేలుతాయి.

ఖర్చంతా ఫ్రేము తయారీలోనే ఉంటుంది. ఆ తర్వాత పడేది కాగితం, ఇంకు, చేతి కష్టం. అందుకే యాభై కార్డులు కావాలంటే అంగడాయన మొహం చిట్లిస్తాడు, వెయ్యంటే కుర్చీ వేస్తాడు. బ్యాంక్సీ ప్రింటులాంటి లిమిటెడ్ ఎడిషన్‌ది దీనికి తిరగేసిన లెక్క. వెయ్యి కొట్టగల ఫ్రేముతో 250 కొట్టి ఆపేస్తారు. కొరత ఫ్రేములో లేదు, ఆపేసిన మనిషి నిర్ణయంలో ఉంది.

ఆ నిర్ణయానికి సాక్ష్యం బొమ్మ కింద ఎడమ వైపు పెన్సిలుతో రాసే అంకె. 12/150 అంటే 150 కాపీల్లో 12వ నంబరుదని. అచ్చులో అది పన్నెండోదే అయ్యుండాలన్న నియమం లేదు, ఆరబెట్టిన కట్టలోంచి ఏది ముందు చేతికొస్తే దానికి ముందు నంబరు పడుతుంది. కుడి వైపు సంతకం ఉంటుంది. ఇవి కాక ‘ఆర్టిస్ట్ ప్రూఫ్’ పేరుతో చిత్రకారుడు తనకోసం ఉంచుకునే కాపీలు కొన్ని ఉంటాయి. పరిమితికి కూడా కొంచెం మినహాయింపు ఉంటుందన్నమాట.

సంతకం బరువెంతో తెలియాలంటే బ్యాంక్సీదే 2004 నాటి ‘గర్ల్ విత్ బెలూన్’ ప్రింటు చూడాలి. సంతకంతో 150, సంతకం లేకుండా 600 వేశారు. రెండింటిలోనూ అదే పిల్ల, అదే బెలూన్. ధరలో మాత్రం కొన్ని రెట్ల తేడా. ఇంకో ప్రింటులో ఆయన వేలంపాట హాలు బొమ్మ వేసి, ఇలాంటిదాన్ని కొనే మూర్ఖులు కూడా ఉంటారా అన్న అర్థం వచ్చే మాట రాశాడు. అదీ అమ్ముడుపోయింది.

గిరాకీ పెరిగితే నకిలీలు రాక తప్పదు. ఫ్రేము ఎవరైనా చేసుకోగలిగినప్పుడు మరీ సులువు. దాంతో ఆయన తరఫున 2008లో ‘పెస్ట్ కంట్రోల్’ అనే కార్యాలయం వెలిసింది. అసలుదని అది ధ్రువపత్రం ఇస్తేనే పెద్ద వేలం సంస్థలు ప్రింటును ముట్టుకుంటాయి. ఆ ధ్రువపత్రానికి సగం చించిన ఒక పది పౌండ్ల నోటు పిన్ను కొట్టి ఉంటుంది. అది బ్యాంక్సీయే 2004లో అచ్చేసిన దొంగనోటు, రాణి ముఖం స్థానంలో డయానా ముఖం పెట్టినది. రెండో సగం కార్యాలయంలో ఉంటుంది, రెండు ముక్కలూ అతకాలి. అసలుకు పూచీ నకిలీ నోటు! మన దేశంలో కరెన్సీని పోలిన కాగితం అచ్చేస్తే, మోసం చేసే ఉద్దేశం లేకున్నా, భారతీయ న్యాయ సంహిత 182వ సెక్షన్ కింద 300 రూపాయల దాకా జరిమానా పడుతుంది. కాబట్టి ఈ పద్ధతిని ఇక్కడ ఎవరూ అనుకరించకపోవడమే మంచిది.

అధికారాన్ని లెక్కచేయనన్న బొమ్మకు చివరికి ఒక ఆఫీసు, ఒక రిజిస్టరు, ఒక ధ్రువపత్రం కావాల్సి వచ్చాయి. ఈ గతి పడుతుందని ముందే పసిగట్టినవాళ్లు లేకపోలేదు. 1968 మేలో పారిస్ విద్యార్థులు లలితకళల కళాశాలను ఆక్రమించి, రాత్రింబవళ్లు స్క్రీన్ మీద పోస్టర్లు కొట్టి వీధుల్లో అంటించారు. సంతకాలు పెట్టలేదు. వీటిని గోడల అలంకారానికి వాడితే వీటి పని చెడుతుందని స్పష్టంగా ప్రకటించారు. ఆ పోస్టర్లు ఇప్పుడు మ్యూజియాల్లో, వేలంపాటల్లో కనబడతాయి.

ఇక మన గోడల సంగతి. ఇక్కడ పోస్టరు ఎక్కువగా ఆఫ్‌సెట్‌లో అచ్చవుతుంది, పెద్దదైతే ఫ్లెక్సీ. స్క్రీన్‌కు మిగిలింది పెండ్లిపత్రికలు, గుడ్డసంచులు, జెండాలు. అయినా కలెక్టరు కోరే లక్షణాలన్నీ మన పోస్టరుకున్నాయి. ఇక్కడ కలెక్టరంటే జిల్లా కలెక్టరే. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 127-ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల పోస్టరు మీద అచ్చేసినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు ఉండాలి. ప్రచురించేవారు ఇద్దరు తెలిసినవాళ్ల ధ్రువీకరణతో డిక్లరేషన్ ఇవ్వాలి. ప్రింటరు దాన్నీ, పోస్టరు కాపీనీ జిల్లా మేజిస్ట్రేటుకు పంపాలి. ఎన్ని కాపీలు కొట్టిందీ, ఎంత తీసుకుందీ కూడా చెప్పాలని ఎన్నికల సంఘం నిబంధన. తప్పితే ఆరు నెలల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే సంతకం, సాక్షులు, కాపీల లెక్క అన్నీ సిద్ధం. లండన్‌లో ఆ అంకె కొనేవాడికి భరోసా, కడపలో అదే అంకె ప్రభుత్వానికి నిఘా.

లేనిదల్లా దాచుకునే మనిషి. పోస్టర్లు వేయించే ఉద్యమాలకు కొదవ లేదు. కోస్తా, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక అమలు చేయాలని, కడపకు ఉక్కు ఫ్యాక్టరీ కావాలని, కృష్ణా నీళ్లలో వాటా కావాలని సీమ దశాబ్దాలుగా అడుగుతూనే ఉంది. 2016 మే 31న పోలీసు ఆంక్షల మధ్యే రైతులు కృష్ణా నది మీద సిద్ధేశ్వరం అలుగుకు తామే శంకుస్థాపన చేశారు. ఇక్కడ ఏ ఉద్యమమైనా గోడపత్రిక ఆవిష్కరణతోనే మొదలవుతుంది. పది మంది వరసగా నిలబడి తలా ఒకటి ఛాతీకి ఆనించి పట్టుకుంటారు, మరుసటి రోజు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. ఆ తర్వాత పోస్టరు గోడకెక్కుతుంది, దాని మీద కోచింగ్ సెంటరు ప్రకటన ఎక్కుతుంది. కథ ముగిసింది.

దాచే అలవాటు ఈ గడ్డకు కొత్తేమీ కాదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు, 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఎవరినీ ఖాతరు చేయని కవిని అచ్చుకెక్కించింది ఒక కంపెనీ దొర. ఆయన పేరిట కడపలో ఉన్న భాషా పరిశోధన కేంద్రం ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది. అదే ఊళ్లో 2020లో ఏర్పడిన ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ కూడా ఉంది. పోస్టర్లు దాచడానికి చోటు లేదనలేం.

కాబట్టి రెండు మాటలు. విదేశీ ప్రింటు కొనాలనుకునేవాళ్లు బొమ్మ నచ్చితే కొనండి, ధర పెరుగుతుందన్న ఆశతో వద్దు. ధ్రువపత్రం లేనిదైతే అసలే వద్దు. ఉద్యమాలు నడిపేవాళ్లు మాత్రం వెయ్యి పోస్టర్లు కొట్టిస్తే రెండు పక్కన పెట్టండి. వెనక తేదీ, ఊరు, ఎన్ని కొట్టించారో రాసి ఏదైనా గ్రంథాలయానికి ఇవ్వండి. పెన్సిలుతో రాస్తే చాలు.