పీఎస్ఏ మళ్లీ పెరిగింది, ఇప్పుడేం చేయాలి?

విజయవాడ సూర్యారావుపేటలో పొద్దున్నే ల్యాబుల ముందు కూర్చునేవాళ్లలో ప్రొస్టేటు క్యాన్సర్‌కి ఎప్పుడో వైద్యం పూర్తయిన పెద్దవాళ్లు కూడా ఉంటారు. కొందరికి ఆపరేషన్ అయింది, కొందరికి కరెంటు (రేడియేషన్) పెట్టారు. అవనిగడ్డ నుంచో, గుడివాడ నుంచో, కైకలూరు నుంచో మూడు నెలలకో ఆరు నెలలకో వచ్చి, రక్తం ఇచ్చి, రిపోర్టు చూపించుకుని వెళ్తుంటారు. అలా రెండేళ్లో అయిదేళ్లో గడిచాక ఒకసారి అంకె కాస్త పెరుగుతుంది. నొప్పి లేదు, నీరసం లేదు, పొలం గట్టు మీద ఎప్పటిలాగే నడుస్తున్నారు. అయినా ఆ పూట ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. అప్పుడు మనసులో పుట్టే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పేంత తీరిక ఓపీలో డాక్టర్‌కి దొరకదు. ఆ ప్రశ్నలే ఇవి.

ఒంట్లో ఏ బాధా లేదు కదా, మరి పీఎస్ఏ ఎందుకు పెరుగుతుంది?

పీఎస్ఏ అంటే ప్రొస్టేటు గ్రంథి కణాలు తయారుచేసే ఒక ప్రొటీను. వీర్యాన్ని పలచగా ఉంచడం దాని పని. మామూలు కణమూ దాన్ని తయారుచేస్తుంది, క్యాన్సర్ కణమూ తయారుచేస్తుంది. అందులో కొంత రక్తంలోకి వస్తుంది. ఆపరేషన్‌లో గ్రంథి మొత్తం తీసేస్తే, రక్తంలో అప్పటికే ఉన్న పీఎస్ఏ రెండు మూడు రోజులకోసారి సగానికి సగం తగ్గుతూ పోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాదాపు ఏమీ మిగలకూడదు. ఆ తర్వాత ఎప్పుడైనా మళ్లీ కనిపిస్తే, దాన్ని తయారుచేసే కణాలు ఒంట్లో ఎక్కడో మిగిలాయని అర్థం.

కరెంటు పెట్టించుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లలో గ్రంథి అలాగే ఉంటుంది. కణాలు ఒక్కరోజులో చావవు కాబట్టి పీఎస్ఏ మెల్లగా దిగుతుంది. అట్టడుగుకు చేరడానికి ఏడాదిన్నర, రెండేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పూర్తిగా సున్నా కావలసిన పని కూడా లేదు.

బాధ మొదలవడానికి చాలాముందే ఈ అంకె కదులుతుంది. అది భయపెట్టే మాటే, కానీ మేలు కూడా అందులోనే ఉంది. 1979లో అమెరికాలోని రోజ్‌వెల్ పార్క్ శాస్త్రవేత్తలు ఈ ప్రొటీనును శుద్ధి చేశారు. 1986లో అక్కడి ప్రభుత్వం ఈ పరీక్షకు అనుమతి ఇచ్చింది కొత్త రోగులను పట్టుకోవడానికి కాదు, వైద్యం అయినవాళ్లను కనిపెట్టి ఉండటానికి. కొత్తగా జబ్బును పట్టుకోవడానికి అనుమతి వచ్చింది 1994లో. మీరు ఇప్పుడు చేయించుకుంటున్నది ఈ పరీక్ష మొదట ఏ పనికి పుట్టిందో ఆ పనికే.

రిపోర్టులో 4 లోపు నార్మల్ అని ఉంది. మాది 0.9. మరి డాక్టర్ ఎందుకు కంగారు పడుతున్నారు?

మన వైపు కుటుంబాలు ఎక్కువగా తడబడేది ఇక్కడే, అందుకే కొంచెం నిదానంగా చూద్దాం. రిపోర్టులో కుడిపక్కన అచ్చువేసే ఆ 0 నుంచి 4 అనేది ప్రొస్టేటుకు ఏ వైద్యమూ జరగని మగవాళ్ల కోసం పెట్టిన కొలత. గ్రంథి తీసేసిన మనిషికి అది వర్తించదు. ఆయన విషయంలో 0.2 దాటి, రెండోసారి చేసినా అలాగే ఉంటే తిరగబెట్టినట్టు లెక్క. 0.9 పక్కన స్టార్ గుర్తు ఉండదు, అక్షరాలు ముదురుగా ఉండవు. ఇంట్లోవాళ్లు ‘బాగానే ఉంది’ అనుకుని ఫైల్లో పెట్టేస్తారు. అలా గడిచిపోయిన ఏడాదిని తిరిగి తెచ్చుకోలేరు.

కరెంటు అయినవాళ్లలో తప్పు దీనికి ఎదురుదిక్కున జరుగుతుంది. అంతకుముందు 0.5 ఉన్నది 1.1 అయితే ‘రెట్టింపు అయింది’ అని ఇల్లంతా బెంబేలెత్తుతుంది. వాళ్లకు లెక్క వేరు. వైద్యం తర్వాత చేరిన అతి తక్కువ అంకెకు 2 కలపాలి. అంటే అట్టడుగు 0.5 అయితే 2.5కి చేరినప్పుడు తిరగబెట్టిందంటారు. 2005లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో నిపుణులు కూర్చుని ఒప్పుకున్న కొలత ఇది. ఇప్పుడు చాలా దేశాల్లో దీన్నే వాడుతున్నారు.

కాబట్టి రిపోర్టు చేతికి రాగానే చూడాల్సింది పక్కనున్న నార్మల్ గడి కాదు, మీ పాత అంకెలు.

ఒక్కసారి పెరిగితే తిరగబెట్టినట్టేనా?

కాదు. ఒక్క రిపోర్టుతో ఏ నిర్ణయమూ చేయరు, చేయకూడదు.

ముందు ల్యాబు సంగతి. పోయినసారి గుడివాడలో, ఈసారి విజయవాడలో, మధ్యలో ఒకసారి హైదరాబాద్‌లో అన్నయ్య ఇంటికి వెళ్లినప్పుడు అక్కడ. ఇలా చేయిస్తే ఆ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చలేం. పీఎస్ఏ కొలిచే యంత్రాలకు ప్రమాణాలు రెండు రకాలున్నాయి. ఒకే రక్తాన్ని రెండింటిలో చూస్తే సుమారు 20 శాతం తేడా రావచ్చు. ఏమీ పెరగకుండానే పెరిగినట్టు కనిపించడానికి అది చాలు. ఒక ల్యాబు ఎంచుకోండి, అక్కడే చేయించండి. మూడో దశాంశం దాకా కొలిచే పరీక్షలో 0.006 కాస్తా 0.009 అయిందని నిద్ర పాడుచేసుకోకండి. ఆ తేడా యంత్రానిదే కావచ్చు.

గ్రంథి మిగిలి ఉన్నవాళ్లలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మూత్రం బిగుసుకుని ట్యూబు వేసినా అంకె పెరుగుతుంది. రక్తం ఇచ్చే ముందు రెండు రోజులు భార్యాభర్తల కలయిక వద్దనేది కూడా ఇందుకే. మూత్రం సరిగా రావడానికి ఇచ్చే డ్యూటాస్టరైడ్, ఫినాస్టరైడ్ మాత్రలు పీఎస్ఏను దాదాపు సగానికి తగ్గిస్తాయి. వాటిని మధ్యలో ఆపేస్తే అంకె పైకి లేస్తుంది. హార్మోను ఇంజెక్షన్లు పూర్తయి, ఒంట్లో మగ హార్మోను (టెస్టోస్టిరాన్) మళ్లీ తయారవుతున్నప్పుడు కూడా కొంత పెరగడం సహజం. అందుకే పీఎస్ఏతో పాటు టెస్టోస్టిరాన్ పరీక్ష కూడా రాయమని అడగండి.

ఇంకొకటి ఉంది. కరెంటు తర్వాత, ముఖ్యంగా బ్రాకీథెరపీ తర్వాత, ఒకటి నుంచి మూడేళ్ల మధ్య పీఎస్ఏ కొంచెం పెరిగి దానంతట అదే దిగిపోవచ్చు. రేడియో ధార్మిక పదార్థాన్ని గ్రంథిలోనే ఉంచి చేసే వైద్యమే బ్రాకీథెరపీ. అలా పెరిగి దిగే అంకెను చూసి తొందరపడి హార్మోను ఇంజెక్షన్ వేయించుకుంటే, అక్కర్లేని వైద్యానికి ఒళ్లు అప్పగించినట్టే.

నిజంగానే తిరగబెట్టిందని తేలింది. మాకు ఎంత సమయం ఉంది?

2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు కృష్ణలంకలో జనం ‘నీళ్లు ఎంత ఉన్నాయి’ అని ఒక్కటే అడగలేదు, ‘గంటకి ఎంత పెరుగుతున్నాయి’ అని అడిగారు. పీఎస్ఏ విషయంలో కూడా రెండో ప్రశ్నే పెద్దది. అంకె రెట్టింపు కావడానికి ఎన్ని నెలలు పట్టింది? 0.2 ఉన్నది 0.4 కావడానికి ఏడాదికి పైగా పడితే అది నెమ్మదిగా నడిచే జబ్బు. జనవరిలో 0.2, ఏప్రిల్‌లో 0.4, జులైలో 0.8 అయితే అది పరుగు. తొమ్మిది పది నెలల లోపు రెట్టింపు అవుతుంటే డాక్టర్లు గట్టిగా పట్టించుకుంటారు. మొదటి బయాప్సీలో క్యాన్సర్ కణాల ఉగ్రతను చెప్పే గ్లీసన్ స్కోరు 8 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నా, వైద్యమైన కొద్దికాలానికే పెరిగినా అంతే.

1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ డాక్టర్లు ఒక లెక్క ప్రచురించారు. ఆపరేషన్ తర్వాత పీఎస్ఏ పెరిగి, వెంటనే హార్మోను వైద్యం తీసుకోనివాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. అంకె పెరిగిన దగ్గర నుంచి జబ్బు ఎముకల్లోనో మరోచోటో స్కాన్‌కు కనిపించడానికి పట్టిన మధ్యస్థ కాలం 8 ఏళ్లు. అప్పటికి ఇప్పుడున్న మందులు చాలావరకు లేవు. వేగంగా పెరిగేవాళ్లకు ఇంత గడువు ఉండదన్నది నిజం. కానీ ‘పీఎస్ఏ పెరిగింది’ అనగానే రోజులు లెక్కపెట్టుకునేవాళ్లలో చాలామందికి చేతిలో ఉన్నవి ఏళ్లు.

ఒక మంచి స్కాన్ తీయిస్తే ఎక్కడుందో తెలిసిపోదా?

ఇప్పుడు పీఎస్ఎంఏ పెట్ అనే స్కాన్ ఉంది. ప్రొస్టేటు క్యాన్సర్ కణాల మీద అతుక్కునే పదార్థానికి రేడియో ధార్మిక గాలియం చేర్చి ఒంట్లోకి ఎక్కించి ఫొటో తీస్తారు. పాత ఎముకల స్కాన్ కన్నా చాలా నయం. కానీ అంకె మరీ చిన్నదైతే దానికీ అన్నీ దొరకవు. కాలిఫోర్నియాలో 635 మందిపై చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పీఎస్ఏ 0.5 లోపు ఉన్నవాళ్లలో 38 శాతం మందికే ఏదైనా కనిపించింది. 1 నుంచి 2 మధ్య ఉన్నవాళ్లలో 84 శాతం మందికి కనిపించింది.

దీన్నిబట్టి ‘అయితే 1 దాటేదాకా ఆగి, అప్పుడు స్కాన్ తీయించి, కనిపించాక వైద్యం చేయిద్దాం’ అనుకోవడం ఆపరేషన్ అయినవాళ్లకు ప్రమాదం. వాళ్లకు రెండోసారి పూర్తిగా నయం చేసుకునే దారి ఒకటుంది: గ్రంథి ఉన్నచోట కరెంటు పెట్టించడం. అది అంకె 0.5 దాటకముందు, వీలైతే అంతకన్నా ముందే చేస్తే బాగా పనిచేస్తుంది. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా డాక్టర్ కరెంటు పెట్టిద్దామంటే ఆశ్చర్యపోకండి.

ఇంకో చిన్నమాట. గాలియం శక్తి 68 నిమిషాలకే సగమైపోతుంది, దాన్ని నిల్వ ఉంచలేరు. కాబట్టి బస్సెక్కే ముందు సెంటర్‌కి ఫోన్ చేసి, ఏ రోజు ఆ స్కాన్ చేస్తారో కనుక్కోండి.

ఏ వైద్యం ఎప్పుడు?

ఆపరేషన్ తర్వాత పెరిగితే పైన చెప్పిన కరెంటు. వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఏడు వారాలు తిరగాలి. దివిసీమ నుంచి రోజూ రాకపోకలు కష్టమే. విజయవాడ, మంగళగిరి, గుంటూరుల్లో ఎక్కడ బస దొరుకుతుందో, ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఎంతవరకు వస్తుందో ముందే ఆరోగ్యమిత్రను అడగండి. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో వాళ్లు కట్టించిన క్యాన్సర్ సెంటర్‌లో కూడా విచారించండి. వరి కోతలు అయ్యాక వస్తానంటే, కొన్ని వారాల ఆలస్యానికి చాలామంది డాక్టర్లు ఒప్పుకుంటారు. కోతలయ్యాక మినుములు, మినుముల తర్వాత ఉగాది అంటూ జరుపుకుంటూ పోతే మాత్రం ఆ అవకాశం చేజారుతుంది.

కరెంటు తర్వాత పెరిగితే, లేదా జబ్బు వేరేచోటికి పాకితే హార్మోను వైద్యం. 1941లో చార్లెస్ హగ్గిన్స్ వృషణాలు తీసేస్తే ఈ క్యాన్సర్ అణగుతుందని చూపించారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు అదే పని ఇంజెక్షన్లు చేస్తాయి. ఒక్కసారి ఖర్చుతో పోతుందని మన దగ్గర ఇప్పటికీ వృషణాల ఆపరేషన్ చేయించుకునేవాళ్లున్నారు. జబ్బు బాగా పాకినవారికి అది సరైన వైద్యమే. కానీ అంకె మాత్రమే పెరిగి, స్కాన్‌లో ఏమీ లేని మనిషికి వెనక్కి తీసుకోలేని ఆ పని చేసే ముందు ఇంకో డాక్టర్ మాట కూడా తీసుకోండి. ఇంజెక్షన్ అయినా ఊరికే పోదు. ఒంట్లో ఆవిర్లు, కండ తగ్గడం, ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం ఉంటాయి. ఇప్పటికే షుగరున్న మనిషి అయితే రోజూ నడక, ఎముకల పరీక్ష, కాల్షియం సంగతి మొదటి రోజే మాట్లాడుకోవాలి. 75 దాటిన మనిషికి అంకె ఏడాదికి పైగా పట్టి రెట్టింపు అవుతుంటే, ఏ మందూ లేకుండా మూడు నెలలకోసారి చూస్తూ ఉండటమూ ఒక వైద్యమే. అది పట్టించుకోకపోవడం కాదు.

ఎవరో పొడి ఇస్తున్నారు, వాడగానే పీఎస్ఏ తగ్గిందంటున్నారు. నిజమా?

తగ్గి ఉండవచ్చు, అసలు చిక్కు అక్కడే. అమెరికాలో పీసీ-స్పెస్ అనే మూలికల మందు వాడినవాళ్లకు పీఎస్ఏ నిజంగానే పడిపోయింది. పరీక్షిస్తే అందులో స్త్రీ హార్మోను మందు, రక్తం పలచన చేసే వార్ఫరిన్ బయటపడ్డాయి. 2002లో దాన్ని మార్కెట్ నుంచి తీసేశారు. మీరు ఏ పొడి వాడుతున్నా డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. ఆయన కోప్పడినా పరవాలేదు. లేకపోతే ఆ అంకెను నమ్మి తప్పు వైద్యం చేస్తారు.

నాన్నగారికి చెప్పాలా? ఆయన తట్టుకోగలరా?

రిపోర్టు ఇప్పుడు ముందు డాలస్‌లోనో బెంగళూరులోనో ఉన్న కొడుకు ఫోన్‌కి చేరుతోంది. ఆ కొడుకు అక్కయ్యకు ఫోన్ చేస్తారు, ఇద్దరూ కలిసి ‘నాన్నకు చెప్పొద్దు’ అనుకుంటారు. ప్రేమతోనే అనుకుంటారు. కానీ నెలకోసారి రక్తం ఎందుకు తీస్తున్నారో, పిల్లలు గొంతు తగ్గించి ఏం మాట్లాడుకుంటున్నారో పెద్దాయనకు తెలియకుండా ఉండదు. అసలు అంకె తెలియదు కాబట్టి ఆయన ఊహించుకునేది దానికన్నా ఘోరంగా ఉంటుంది. చెప్పండి. ‘అంకె కొంచెం పెరిగింది నాన్నా, నెల తర్వాత ఇంకోసారి చూసి అప్పుడు ఆలోచిద్దామన్నారు’ అంటే చాలు. కరెంటా, ఇంజెక్షనా, ఆగి చూడటమా అన్నది ఆయన ఒంటికి సంబంధించిన మాట, ఆయన నోటి నుంచి రావాలి.

పరీక్షకు వారం ముందు నుంచి నిద్ర పట్టకపోవడం ఈ జబ్బులో ప్రపంచమంతటా ఉన్నదే. దానికి ఉపాయం ఎదురుచూపును చిన్నది చేయడం. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు ఒకట్రెండు రోజుల ముందే రక్తం ఇవ్వండి, రిపోర్టు డాక్టర్ దగ్గరే తెరవండి. అర్ధరాత్రి ఫోన్‌లో తెరిచి ఒంటరిగా చదవకండి. ఒక తెల్లకాగితం మీద తేదీ, అంకె, ల్యాబు పేరు వరుసగా రాసి ఫైల్లో అన్నింటికన్నా పైన పెట్టండి. డాక్టర్ మారినా ఆ ఒక్క కాగితంతో కథంతా అర్థమవుతుంది. మూత్రం కారడం, దాంపత్యం దూరమవడం లాంటివి మన మగవాళ్లు భార్యకు కూడా చెప్పుకోరు. యూరాలజిస్టుకు ఇవి కొత్త కాదు, వీటికి వైద్యం ఉంది, అడగండి. దిగులు రోజుల తరబడి వదలకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అది. డబ్బు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.