పెర్ల్ భాషలో నామముల అవధి – అధికారదృష్టితో ఒక పరిశీలన

ఒక నామము ఎంతవరకు వర్తించునను ప్రశ్న వైయాకరణులకు క్రొత్తది కాదు. అష్టాధ్యాయిలో ప్రత్యయాధికారము తృతీయాధ్యాయారంభమున మొదలై పంచమాధ్యాయాంతము వరకు సాగును. నడుమ మొదలగు ధాత్వధికారము తృతీయాధ్యాయముతోనే ముగియును. ఒకటి ప్రవేశించినంతనే మరియొకటి తొలగదు. లారీ వాల్ 1987లో వెలువరించిన పెర్ల్ అను కంప్యూటరు భాషను చదువువారు మొదట గుర్తింపవలసినదియు ఇదియే.

ఆ భాషలో 'ప్యాకేజి' ప్రకటన ఇంటిపేరు వంటిది. 'రఘువంశము' అను ప్యాకేజిలోని 'సంఖ్య' వేరు, 'మేఘదూతము'లోని 'సంఖ్య' వేరు. ఈ ప్రకటన మరియొక ప్యాకేజి వచ్చువరకు గాని, తన్ను చుట్టియున్న ఖండమో ఫైలో ముగియువరకు గాని చెల్లును.

'మై' అని ప్రకటించిన చరరాశికి ఇంటిపేరే లేదు. దాని అవధి ఖండాంతము. ఖండము లేనిచో ఫైలు అంతము. నడుమ ప్యాకేజి మారినను దానికి బాధ లేదు. జహీరాబాదు పట్టణము 2016లో మెదకు జిల్లా నుండి సంగారెడ్డి జిల్లాకు మారినది. మారినది పై శీర్షికయే గాని ఊరు కదలలేదు గదా! 'లోకల్' అనునది పాత విలువను దాచి, క్రొత్తదానిని కొంతసేపు నిలిపి, ఖండాంతమున పాతదానినే మరల నిలుపును.

చిక్కంతయు 'అవర్' వద్ద కలదు. అది ప్యాకేజి చరరాశికి పొట్టిపేరు నిచ్చును. కాని ఆ పొట్టిపేరు చెల్లుబాటు ప్యాకేజిని బట్టి కాక ఖండమును బట్టియే యుండును. రఘువంశ ప్యాకేజిలో 'అవర్ సంఖ్య' అని శ్లోకములను లెక్కించి, అదే ఫైలులో మేఘదూత ప్యాకేజిని ఆరంభించి, మరల ప్రకటింపకయే 'సంఖ్య'ను పెంచినచో, పెరుగునది రఘువంశ సంఖ్యయే. 'స్ట్రిక్ట్' అను కట్టుబాటు కూడ ఇచట హెచ్చరింపదు. ఏలయన నామము ప్రకటితమే. రెండు కావ్యముల లెక్క ఒకటైపోవును, దోషము మాత్రము కంటబడదు. గ్రంథములను కంప్యూటరున కెక్కించి పదసూచికలు కూర్చువారికి ఇది స్వల్పవిషయము కాదు.

పాణినీయమే కంప్యూటరు భాష యనుట అత్యుక్తి. అధికారమును తెలుపు స్వరితచిహ్నము సూత్రపాఠమున నేడు నిలిచి లేదు. అవధిని వ్యాఖ్యానమే నిర్ణయింపవలెను. యంత్రము వ్యాఖ్యాతను అడుగదు. 2011 నాటి 5.14వ రూపము నుండి ప్యాకేజిని ఖండముగనే వ్రాయు వీలు కలిగినది. అట్లు వ్రాసినచో లోపలి 'అవర్' పేరు ఆ ఖండముతోనే ముగియును.