కోమల గాంధారం: ఆవలి ఒడ్డున మిగిలిపోయిన ఇల్లు

సింగపూర్ తూర్పు భాగంలోని టాంపినీస్‌లో నివసించే తెలుగు ఉద్యోగికి హైదరాబాదు సుమారు నాలుగున్నర గంటల విమాన ప్రయాణం. ఋత్విక్ ఘటక్ 1961లో తీసిన బెంగాలీ చిత్రం ‘కోమల్ గాంధార్’లో కథానాయకుడు భృగు తన స్వస్థలాన్ని కంటితోనే చూడగలడు. మధ్యలో ఉన్నది పద్మానది మాత్రమే. అయినా 1947 తర్వాత ఆవలి ఒడ్డు పరాయి దేశం. నిర్వాసితత్వాన్ని మైళ్లతో కొలవలేమన్న ఈ ఎరుకే ఘటక్ సినిమాలకు మూలధాతువు.

1925లో ఢాకాలో పుట్టిన ఘటక్ దేశ విభజనను ముగిసిపోయిన చరిత్రగా ఎన్నడూ చూడలేదు. ‘మేఘే ఢాకా తారా’ (1960), ‘కోమల్ గాంధార్’, ‘సువర్ణరేఖ’ (1965) చిత్రాలు మూడూ ఆ గాయం చుట్టూ అల్లుకున్నవే. వీటిలో నడిమిది కొంత భిన్నమైనది. మిగిలిన రెండూ విషాదాంతాలు కాగా, ఇది కలయికతో ముగుస్తుంది. ఠాగూర్ కవితనుంచి తీసుకున్న ఈ పేరు ఒక స్వరానిది. హిందుస్తానీ సంగీతంలోని కోమల గాంధారమే మన కర్ణాటక సంగీతంలో సాధారణ గాంధారం.

కథ ఒక నాటక సమాజానిది. ఘటక్ స్వయంగా పనిచేసిన భారత ప్రజానాట్య సంఘపు అనుభవాలే దీనికి ఆధారం. అదే ఉద్యమంలో భాగంగా తెలుగునాట డాక్టర్ గరికపాటి రాజారావు వంటివారు ప్రజానాట్యమండలిని నడిపారు. కనుక ఆశయాలు ఒకటైనా చీలిపోయే కళాకారుల కథ తెలుగు పాఠకుడికి కొత్తది కాదు. ఈ చిత్రంలో మూడు విభజనలను ఒకదానిలో ఒకటి పొదిగానని ఘటక్ చెప్పుకున్నాడు: కథానాయిక అనసూయ మనసు, ప్రజా నాటకోద్యమం, బెంగాల్. అనసూయకు కాబోయే భర్త విదేశంలో ఉన్నాడు. అతని దగ్గరకు వెళ్లడమా, ఈ నేలపైన, ఈ నాటకంతో మిగిలిపోవడమా అన్నది ఆమె సంకటం.

వారు ప్రదర్శించబూనిన నాటకం ‘శాకుంతలం’ కావడం యాదృచ్ఛికం కాదు. కాళిదాసు నాలుగో అంకంలో ఆశ్రమం విడిచి వెళ్తున్న శకుంతల కొంగును లేడిపిల్ల పట్టి లాగుతుంది. ఆ వేదన అనసూయకు అంతుపట్టనప్పుడు, ఈ కలకత్తానే నీ తపోవనం అనుకోమంటాడు భృగు. తరువాత వీధిలో బిచ్చమెత్తే ఒక పసిబిడ్డ ఆమె చీర పట్టుకున్నప్పుడు పాత్ర ఆమెకు అర్థమవుతుంది. ఘటక్ పురాణాన్ని అలంకారంగా వాడడు. వర్తమానాన్ని చదివే సాధనంగా వాడతాడు.

పద్మ ఒడ్డున ఒకప్పుడు తూర్పు బెంగాల్ ప్రయాణానికి దారితీసిన రైలుమార్గం ఇప్పుడు అర్ధాంతరంగా ఆగిపోయి ఉంటుంది. భృగు, అనసూయ అక్కడ నిలబడి తమ ఇళ్లను తలచుకుంటారు. అంతలో కెమెరా ఆ పట్టాల వెంట వేగంగా పరుగు తీస్తుంది, నేపథ్యంలో పడవవాళ్ల మొర హెచ్చుతుంది, పట్టాలు ముగిసేచోట తెర నల్లబడిపోతుంది. సంభాషణ చేయలేని పనిని ఆ చీకటి చేస్తుంది. మరోవైపు, చిత్రమంతటా వినవచ్చే తూర్పు బెంగాల్ పెళ్లిపాటలు విడిపోయినవాటిని కలపాలన్న కోరికను వదలకుండా మోస్తుంటాయి.

చిత్రం ఆనాడు ఆర్థికంగా విఫలమైంది. ఘటక్ 1976లో మరణించాడు. కానీ పూనా ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన వద్ద నేర్చుకున్న కుమార్ సహాని, మణి కౌల్, జాన్ అబ్రహాం తమవైన దారులు వేసుకున్నారు. 2013లో కమలేశ్వర్ ముఖర్జీ ఆయన జీవితాన్ని ఆధారం చేసుకుని, ఆయన చిత్రం పేరుతోనే ‘మేఘే ఢాకా తారా’ తీశాడు.

స్వచ్ఛందంగా వలసవెళ్లిన వృత్తినిపుణులకు ఈ చిత్రం ఇచ్చేదేమిటి? మొదటిది, ఒక హెచ్చరిక. ఊరిమీద బెంగ వేరు, ఊరే లేకపోవడం వేరు. తెలుగువారిలో భృగుకు దగ్గరివారు విమానమెక్కినవారు కారు, శ్రీశైలం జలాశయం కింద ఊరు మునిగినవారు. రెండవది, తామున్న నేలను చూసే చూపు. టాంపినీస్ పేరు తెంపినిస్ అనే గట్టి కలప చెట్టునుంచి వచ్చింది. 1970ల చివరి దాకా అక్కడున్నవి పల్లెలు, తోటలు, ఇసుక క్వారీలు. వాటి స్థానంలో గృహనిర్మాణ సంస్థ కట్టిన పట్టణానికి 1992లో ప్రపంచ ఆవాస పురస్కారం లభించింది. కంపుంగ్‌లలోని కుటుంబాలకు ఫ్లాట్లు దక్కాయి; దాన్ని విభజనతో పోల్చడం అన్యాయం. కానీ చెదిరిన ఇరుగుపొరుగును ఏ ఫ్లాటూ తిరిగి ఇవ్వలేదు. తన ఊరిని తలచుకుంటూ టాంపినీస్‌లో నివసించే వలసదారుడు, మరొకరి జ్ఞాపకాల మీద నిర్మించిన ఇంట్లో ఉన్నాడు.

ఘటక్‌కు జ్ఞాపకం సొంత ఆస్తి కాదు, ఇతరుల నష్టాన్ని గుర్తించడానికి పనికివచ్చే శిక్షణ. ‘కోమల్ గాంధార్’ను గతవైభవపు పాటగా మాత్రమే వింటే, ఆ స్వరంలో సగమే వినబడుతుంది.