వయోజన రోగుల పరిచర్య: శిక్షణ ఎట్లుండవలెను?

రోగిని చూడవచ్చినవారు వేరు, రోగిని కనిపెట్టుకొని ఉండేవారు వేరు. ఉర్దూలో మొదటిదానిని 'ఇయాదత్' అనీ, రెండవదానిని 'తీమార్‌దారీ' అనీ అంటారు. తెలుగులో పరామర్శ, పరిచర్య అనే మాటలు ఈ భేదాన్నే తెలుపుతున్నవి. పరామర్శకు మంచి మనస్సు చాలును. పరిచర్యకు మంచి మనస్సుతోపాటు విద్య కావలెను. ఆ విద్యను వయోజన రోగుల విషయంలో నర్సింగు విద్యార్థులకు ఏ విధంగా నేర్పుతారో, ఎట్లు నేర్పినప్పుడు అది రోగికి నిజమైన రక్షణ అవుతుందో ఈ వ్యాసంలో వివరించ సంకల్పించినాము.

ఈ విషయాన్ని ఎన్నుకొనుటకు ఒక కారణం ఉన్నది. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన మన విద్యార్థినులలో కొందరికి నర్సింగులో చేరవలెనని కోరిక ఉంటుంది. "పరాయి మగవారికి సేవ చేయుటయా?" అనే ఒక్క ప్రశ్నతో ఆ కోరిక ఇంటి గడప దాటక ఆగిపోతున్నది. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసివేయము. అయితే శిక్షణలో వాస్తవంగా ఏమి జరుగుతుందో తెలిసిన తరువాతనే దానికి సమాధానం వెదకుట న్యాయమని భావిస్తున్నాము.

పూర్వులు చెప్పినది

పరిచర్య పరదేశాల నుండి నిన్న మొన్న వచ్చిన వృత్తి అని కొందరి అభిప్రాయము. చరక సంహితలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు కూడ నాలుగే: ఉపచార జ్ఞానము, దక్షత, రోగి యెడల అనురాగము, శుచిత్వము. వీనిలో జ్ఞానము ముందు చెప్పబడినది, అనురాగము తరువాత వచ్చినది. ఈ క్రమాన్ని మనము గమనింపవలెను.

ఇస్లామీయ చరిత్రలో రుఫైదా అల్-అస్లమియా పేరు గౌరవంతో స్మరింపబడుతున్నది. క్రీ.శ. 627లో జరిగిన ఖందఖ్ యుద్ధంలో గాయపడిన సాద్ బిన్ ముఆజ్‌ను మదీనా మసీదు వద్ద ఆమె గుడారంలో ఉంచి చికిత్స చేయించినట్లు సంప్రదాయ గ్రంథాలు తెలుపుతున్నవి. గాయపడిన పురుషునికి ఒక స్త్రీ పరిచర్య చేసినది. అది బహిరంగంగా, అందరి ఎదుట, గౌరవప్రదంగా జరిగినది. పైన చెప్పిన ప్రశ్నకు ఇది తొలి సమాధానము.

ఆధునిక కాలంలో 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణాలయం నెలకొల్పిన తరువాత ఈ సేవ క్రమబద్ధమైన విద్యగా రూపొందినది. మన దేశంలో 1947 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన భారత నర్సింగ్ కౌన్సిల్ ఈ విద్యకు ప్రమాణాలను నిర్ణయిస్తూ వచ్చినది. 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగు పాఠ్యప్రణాళికలో నాలుగు సంవత్సరాల చదువు ఎనిమిది సెమిస్టర్లుగా విభజింపబడినది. అంతకుముందు 'మెడికల్ సర్జికల్ నర్సింగ్' అని పిలిచిన విషయం ఇప్పుడు 'అడల్ట్ హెల్త్ నర్సింగ్' అనే పేరుతో మూడవ, నాలుగవ సెమిస్టర్లలో బోధింపబడుతున్నది. పాత పేరు వైద్యుని పనిని బట్టి వచ్చినది. కొత్త పేరు రోగిని బట్టి వచ్చినది.

వయోజన రోగి ప్రత్యేకత

పసిబిడ్డ తరఫున తల్లి మాట్లాడుతుంది. వయోజనుడు తన మాట తానే చెప్పుకొంటాడు, లేదా చెప్పక దాచుకొంటాడు. ఆటో నడిపేవాడు కాలి పుండును పదిరోజులు దాచి వస్తాడు, ఎందుకనగా ఒక రోజు ఆగితే ఇంటిలో పొయ్యి ఆగుతుంది. బిడ్డల పెండ్లి దగ్గరపడిన తల్లి తన రొమ్ములోని గడ్డ సంగతి ఎవరికీ చెప్పదు. మధుమేహము, అధిక రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండాల వ్యాధి, క్షయ, ప్రమాదాలలో తగిలిన గాయాలు, శస్త్రచికిత్స తరువాతి రోజులు, ఇవి అన్నియు వయోజన పరిచర్య పరిధిలోనివి. వ్యాధి ఏదైనను, దానితోపాటు ఒక కుటుంబ భారము కూడ ఆ మంచము మీద పడుకొని ఉంటుంది.

కావున వయోజన రోగికి ఏ పని చేయుటకైనను ముందు చెప్పవలెను, అంగీకారం పొందవలెను. "చాచా, మీ చేయి చూస్తాను" అని చెప్పి నాడి పట్టుకొనుట మర్యాద మాత్రమే కాదు, అది శిక్షణలో ఒక భాగము.

బొమ్మ నుండి మనిషి వరకు

విద్యార్థిని మొదటి రోజుననే రోగిని తాకదు. ముందుగా శిక్షణశాలలో మనిషంత బొమ్మ మీద అభ్యాసం చేస్తుంది. ఈ పద్ధతి పాతదే. 1911లోనే అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి శిక్షణాలయం కొరకు 'మిసెస్ ఛేజ్' అనే పెద్ద బొమ్మను తయారుచేసినారు. పడక సర్దుట, రోగిని పక్కకు తిప్పుట, ఇంజెక్షను ఇచ్చుట ముందు బొమ్మ మీద, తరువాత కొన్ని పనులు తోటి విద్యార్థుల మీద, చివరకు ఉపాధ్యాయురాలి సమక్షంలో రోగి మీద జరుగుతవి. తనను ఇతరులు స్ట్రెచరు మీద ఎత్తినప్పుడు కలిగే భయం ఎట్లుంటుందో ఒకసారి తెలిసిన విద్యార్థిని, రోగిని ఎన్నడూ మూటవలె ఎత్తదు.

బొమ్మ నేర్పలేనిది గమనించుట. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు అనే నాలుగు ప్రాణసూచకాలను ప్రతి విద్యార్థినీ కంఠస్థం చేస్తుంది. విశ్రాంతిలో ఉన్న ఆరోగ్యవంతుడైన వయోజనునికి నాడి నిమిషానికి 60 నుండి 100, శ్వాస 12 నుండి 20 ఉంటవి. ఈ నాలుగింటిలో అందరూ నిర్లక్ష్యం చేసేది శ్వాసను. దానికి యంత్రం అవసరం లేదు, గడియారమూ ఓపికయూ చాలును. అయినను ఒకానొక వార్డులో వరుసగా మంచాలన్నిటికీ శ్వాస 20 అనియే వ్రాసిన పట్టికను మేము చూచినాము. రోగి పరిస్థితి విషమించేటప్పుడు తరచుగా ముందు మారేది శ్వాసయే. లెక్కించకుండ వ్రాసిన ఒక్క సంఖ్య ఆ హెచ్చరికను చెరిపివేస్తుంది. అందుచేత మంచి ఉపాధ్యాయురాలు, "నాడి చూస్తున్నట్లే చేయి పట్టుకొని, పూర్తిగా ఒక నిమిషం ఛాతీ కదలికను లెక్కపెట్టుము" అని నేర్పుతుంది. తన శ్వాసను లెక్కిస్తున్నారని తెలిసిన రోగి తెలియకుండగనే శ్వాసను మార్చుకొంటాడు.

లెక్క తప్పితే ప్రాణము తప్పును

లెక్కలంటే భయపడి జీవశాస్త్రం తీసుకొన్న విద్యార్థులకు ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. వార్డులో లెక్కలు తప్పవు. వెయ్యి మిల్లీలీటర్ల సెలైనును 8 గంటలలో ఎక్కించవలెననుకొందాము. గంటకు 125 మిల్లీలీటర్లు. ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే గొట్టమైతే గంటకు 2500 చుక్కలు, అనగా నిమిషానికి సుమారు 42. గుండె బలహీనమైన రోగికి ఇదే సెలైను రెండు గంటలలో ఎక్కితే ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదమున్నది.

ఇన్సులిన్ విషయం ఇంకను సున్నితమైనది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాలూ, 100 యూనిట్లు ఉండే మందులూ రెండును వాడుకలో ఉన్నవి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి. వంద యూనిట్ల మందును నలభై యూనిట్ల సిరంజితో 20 గీత వరకు తీసినచో రోగి శరీరంలోనికి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. ఇది రెండున్నర రెట్లు. చెమటలు, వణుకు, స్పృహ తప్పుట, ఇంకను ఆలస్యమైతే ప్రాణాపాయము. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గము, సరియైన సమయము అనే అయిదు సూత్రాలను ప్రతిసారి సీసా చేత పట్టుకొని చదువుకొనవలెనని నేర్పేది ఇందుకే.

రమజాను మాసంలో ఈ జ్ఞానం మన వీధులలోనే అక్కరకు వస్తుంది. ఉపవాసమున్న మధుమేహ రోగికి రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో ఉపవాసం విరమించవలెనని వైద్యుల సలహా. రోగగ్రస్తులకు ధర్మమే మినహాయింపు నిచ్చినదని, తప్పిన దినాలను తరువాత పూర్తిచేయవచ్చునని తెలిసిన నర్సు ఒక్క మాటతో రోగిని ఒప్పించగలదు. ఆ సంగతి తెలియని నర్సు ఎంత గద్దించినా ఒప్పించలేదు.

చిన్న పనులు, పెద్ద ఫలితాలు

పక్షవాతం వచ్చి కదలలేని రోగిని సుమారు రెండు గంటల కొకసారి పక్కకు తిప్పనిచో నడుము క్రింద, మడమల వద్ద చర్మానికి రక్తప్రసారం తగ్గి పుండ్లు పడతవి. ఖరీదైన మందులతో నెలల తరబడి మానని ఈ పుండును రెండు చేతులు ముందుగానే నివారించగలవు. చేతులు కడుగుకొనుట కూడ ఇట్టిదే. సబ్బు, నీటితో 40 నుండి 60 సెకనులు శుభ్రపరచుకొనవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఒక రోగినుండి మరొక రోగికి వ్యాధిని మోయునది తరచుగా పరిచారకుల చేతులే. 2020లో కరోనా వ్యాపించినప్పుడు ఈ సత్యం ఇంటింటికీ తెలిసినది.

భాష, మర్యాద

మేము ఒక ఆసుపత్రిలో స్వయంగా చూచిన సంఘటన ఒకటి చెప్పుదుము. ఒక వృద్ధురాలు విద్యార్థినితో, "బేటీ, చక్కర్ ఆ రహా" అన్నది. తెలుగు మాత్రమే తెలిసిన ఆ అమ్మాయి 'చక్కెర' అని విని, మధుమేహమున్నదని వ్రాసుకొని, రక్తంలో చక్కెర పరీక్షకు ఏర్పాటు చేసినది. ఫలితం మామూలుగానే వచ్చినది. ఉర్దూ తెలిసిన మరొక విద్యార్థిని వచ్చి, "ఖాలా, ఎప్పుడు తిరుగుతుంది? లేచినప్పుడా?" అని అడిగిన పిమ్మట, పడుకొన్నప్పుడూ నిలబడినప్పుడూ రక్తపోటు చూచినారు. కొత్తగా ప్రారంభించిన రక్తపోటు మాత్రల వలన లేవగానే రక్తపోటు పడిపోతున్నది. వైద్యునికి తెలుపగా మోతాదు సవరించినారు. ఈలోగా ఆమె స్నానపుగదిలో పడిపోయి తుంటి ఎముక విరిగినట్లైతే? ఒక్క మాట తెలియకపోవుట వలన అంత పని జరిగి ఉండేది. రెండు భాషలు పక్కపక్కనే పెరుగుచున్న మన కళాశాలలో ఈ అపాయానికి విరుగుడు ఉన్నది. మనము దానిని విరుగుడుగా గుర్తించలేదు.

ఇక మర్యాద సంగతి. తెర వేయకుండ రోగి శరీరాన్ని బయలుపరచరాదు. అవసరమైన భాగాన్ని మాత్రమే చూడవలెను, మిగిలినదానిని కప్పి ఉంచవలెను. పరదా పాటించే స్త్రీకి సాధ్యమైనంతవరకు స్త్రీయే పరిచర్య చేయవలెను. పురుష రోగికి సున్నితమైన పనులలో పురుష నర్సు సహాయం దొరికినప్పుడు తీసుకొనవలెను, దొరకనప్పుడు మరొకరి సమక్షంలో చేయవలెను. రోగి చెప్పిన రహస్యము అమానత్, దానిని వరండాలో చర్చింపరాదు. తల్లిదండ్రులు భయపడే అమర్యాదను నివారించే నియమాలనే ఈ విద్య మొదటి నుండి నేర్పుతున్నది. ఇది మేము చెప్పదలచిన రెండవ సమాధానము.

అనుభవము

ఇంత నేర్చినను పట్టము చేతికి రాగానే ఎవరూ నిపుణులు కారు. ప్యాట్రిషియా బెన్నర్ అనే విదుషి 1984లో ప్రకటించిన గ్రంథంలో నర్సు అనుభవశూన్యదశ నుండి నిపుణదశకు అయిదు మెట్లుగా ఎదుగుతుందని వివరించినది. మొదటి మెట్టులో ఉన్నవారు నియమాలను పట్టుకొని నడుస్తారు. పై మెట్టులో ఉన్నవారు రోగి ముఖం చూచి, ఏదో మారినదని గ్రహిస్తారు. క్రింది మెట్టులో ఉన్న విద్యార్థిని, "నాకు సందేహముగా ఉన్నది, ఒకసారి వచ్చి చూడండి" అని పెద్దవారిని పిలుచుటకు సిగ్గుపడరాదు. ఆ పిలుపును విసుగుకొనక మన్నించుట పెద్దవారి ధర్మము. ప్రశ్నించిన విద్యార్థినిని అందరి ఎదుట చిన్నబుచ్చిన వార్డులో, మరునాడు ఎవరూ ప్రశ్నించరు. ఆ మౌనానికి మూల్యము చెల్లించేది రోగి.

విన్నపము

విద్యార్థినీ విద్యార్థులారా! బి.ఎస్సీ. నర్సింగులో చేరుటకు భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతోపాటు ఆంగ్లము కూడ చదివి ఉండవలెను. ఈ సంగతి ఇంటర్మీడియట్‌లో చేరేనాడే జ్ఞాపకముంచుకొనుడు. ఈ వృత్తి స్త్రీలది మాత్రమే అనుకొని బాలురు దూరము కావద్దు. పురుష వార్డులలో వారి అవసరం ఎంతో ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి మూడు విషయాలు. సంవత్సరానికి ఒకసారి వృత్తిలో ఉన్న నర్సును పిలిపించి, తల్లిదండ్రుల సమక్షంలో మాట్లాడించండి. వ్యాధి లక్షణాలను తెలిపే ఉర్దూ, తెలుగు మాటల చిన్న పట్టికను రెండు శాఖల విద్యార్థులచే కలిసి తయారుచేయించండి. ప్రథమ చికిత్స నేర్పుటకు ఒక బొమ్మను సంపాదించండి. ఇవి మన శక్తికి మించిన పనులు కావు. ఆ పట్టికలో మొదటి మాటగా 'చక్కర్' అనే మాటనే వ్రాయవలెనని మా కోరిక.