అటక మీది కంప్యూటర్‌కు దుబాసీ

1990లలో లిమరిక్‌లో తయారైన పాత కంప్యూటర్ ఒకటి మా అటక మీద ఉంది. 2001లో డబ్లిన్ వచ్చినప్పుడు అమ్మమ్మ చెప్పిన కథలు అందులో రికార్డయి ఉన్నాయి. అవి నిమిషానికి సుమారు 10 ఎం.బి. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎం.బి. మాత్రమే. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. అందుకే యూఎస్‌బీ కార్డు కొన్నాం.

అయితే కార్డు మాట విండోస్ 98కి అర్థం కాదు. ఇద్దరి మధ్య దుబాసీలాంటి ప్రోగ్రామే డ్రైవర్.

పెద్దవాళ్ల సాయంతో ఇలా చేయండి. ముందు ప్లగ్ తీసేయాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోయేలా కంప్యూటర్ లోహపు పెట్టెను తాకి, కార్డును పీసీఐ స్లాట్‌లో బిగించాలి. ఆన్ చేయగానే కంప్యూటర్ డ్రైవర్ అడుగుతుంది. కార్డుతో వచ్చిన సీడీ పెట్టాలి. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు పక్కన పసుపు గుర్తు లేకపోతే పని అయినట్టే.

పెన్‌డ్రైవ్‌కు మరో డ్రైవర్ కావాలి. దాన్ని వేరే కంప్యూటర్‌లో సీడీకి ఎక్కించి తెచ్చుకోవాలి. విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2006లోనే ఆగిపోయింది కనుక పాత కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకండి.

హార్డ్ డిస్కులకూ ముసలితనం వస్తుంది. పాత కంప్యూటర్‌ను రీసైక్లింగ్‌కు ఇచ్చే ముందు, అందులో ఎవరి గొంతు ఉందో ఒకసారి చూసుకోండి!